బ్యాక్టీరియా వైరస్‌ల పరిశోధన, ఆరోగ్య విద్య: ఇవి రెండు వేర్వేరు దారులా?

సూక్ష్మజీవశాస్త్రంలో పీజీ పూర్తి చేయబోతూ, బ్యాక్టీరియాను చంపే వైరస్‌ల మీద, అంటే బ్యాక్టీరియోఫేజ్‌ల మీద, పరిశోధన చేసి అధ్యాపక వృత్తిలో స్థిరపడాలనుకుంటున్న మీరు మూడు సంగతులు అడిగారు. ఈ రంగంలో ఒక ప్రొఫెసర్ వృత్తిజీవితం నిజానికి ఎలా సాగుతుంది. ఫేజ్ పరిశోధకుల్లో కొందరు ఒక వయసు వచ్చాక ఆరోగ్య విద్య వైపు మళ్లడం ప్రయోగశాల నుంచి తప్పుకోవడమే కదా. కొత్తగా మొదలుపెట్టేవారికి ఏ ఫేజ్ అనువైనది. ముప్పై ఏళ్లకు పైగా ఫేజ్‌లతో పనిచేసి, అందులో చివరి పదిహేనేళ్లు దాదాపు సగం సమయాన్ని ఆరోగ్య విద్యకు ఇచ్చిన మనిషిగా ఈ సమాధానం రాస్తున్నాను. మీ రెండో ప్రశ్నలోని ‘కదా’తో నాకు పేచీ ఉంది కనుక ఎక్కువ చోటు దానికే పోతుంది.

ముందు రోజువారీ పని. బయటివారు ఊహించుకునే నాటకీయత అందులో ఏమీ లేదు. మురుగునీటి నమూనానో, కొంత మట్టినో తెచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేరిన ద్రవాన్ని 0.22 మైక్రాన్ల రంధ్రాలున్న ఫిల్టర్ గుండా పంపితే బ్యాక్టీరియా పైన ఆగిపోతుంది, ఫేజ్‌లు కిందికి దిగుతాయి. ఆ ద్రవాన్ని చురుగ్గా పెరుగుతున్న బ్యాక్టీరియాతో కలిపి, 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగి ఉన్న మెత్తని అగార్‌లో (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ వంటి పదార్థంలో) వేసి, గట్టి అగార్ ఉన్న ప్లేటు మీద పోసి, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. తెల్లవారి చూస్తే బ్యాక్టీరియా ప్లేటంతా పలుచని పొరలా కమ్ముకుని ఉంటుంది. ఫేజ్ పడినచోట మాత్రం ఆ పొరలో గుండ్రని ఖాళీ మచ్చ కనిపిస్తుంది. దాన్నే ప్లాక్ అంటాం. ఒక్కో మచ్చ ఒక్కో ఫేజ్ కణంతో మొదలైనదే కాబట్టి, మచ్చలను లెక్కపెట్టి, ద్రవాన్ని ఎన్ని రెట్లు పలచన చేశామో దానితో హెచ్చవేస్తే అసలు ద్రవంలో ఎన్ని ఫేజ్‌లున్నాయో తేలుతుంది. మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందని వస్తువును ఉత్త కంటితో లెక్కపెట్టే పద్ధతి ఇది. మచ్చలు ముప్పైకి తక్కువైతే ఆ లెక్కను నమ్మలేం, మూడు వందలు దాటితే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నా పరిశోధనలో తొలి రెండేళ్లు ఆ రెండు సంఖ్యల మధ్యే గడిచాయి.

ఆ రోజుల్లోనే ఒక పొరపాటు చేశాను. ఫేజ్ ద్రవంలో మిగిలిపోయిన బ్యాక్టీరియాను చంపడానికి కొద్దిగా క్లోరోఫాం కలపడం మాకు ఆనవాయితీ. అది పూర్తిగా ఆవిరి కాకముందే ఆ ద్రవపు చుక్కను బ్యాక్టీరియా పొర మీద వేశాను. మర్నాడు అద్దంలా తేటగా ఉన్న మచ్చ కనబడేసరికి, అప్పటిదాకా మా దగ్గరున్న ఏ ఫేజ్‌కీ లొంగని ఆ బ్యాక్టీరియాకు ఫేజ్ దొరికేసిందని విభాగమంతా చెప్పుకుని తిరిగాను. మా గురువుగారు ప్లేటును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసి ఒకే మాట అడిగారు: ‘‘పలచన చేసి చూశావా?’’ అది ఫేజ్ అయితే పది రెట్లు, వంద రెట్లు, వెయ్యి రెట్లు పలచన చేసేకొద్దీ ఆ పెద్ద మచ్చ విడివిడి చిన్న మచ్చలుగా విడిపోవాలి, ఎందుకంటే ప్రతి ఫేజ్ కణం తనంతట తానుగా వృద్ధి చెందుతుంది. ఏదో రసాయనమో విషపదార్థమో అయితే విడిపోదు, మసకబారి మాయమవుతుంది. నాది మాయమైంది. వారం రోజులు ఎవరికీ ముఖం చూపించలేకపోయాను గాని, ఆ ప్రశ్న మాత్రం నా వెంటే ఉండిపోయింది.

మా రంగం చరిత్రే ఆ ప్రశ్నను సరిగా వేసుకోకపోవడం వల్ల ఒకసారి దెబ్బతిన్నది. 1915లో ఫ్రెడరిక్ ట్వార్ట్ సూక్ష్మజీవుల కాలనీలు గాజులా మారి కరిగిపోవడాన్ని గమనించి ప్రచురించారు. 1917లో ఫెలిక్స్ డెరెల్ రక్తవిరేచనాల రోగుల నమూనాల నుంచి బ్యాక్టీరియాను చంపే అదృశ్య కారకాన్ని వేరుచేసి, దానికి బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టారు. 1919లో పారిస్‌లో ఒక బాలుడికి దాన్ని మందుగా ఇచ్చేముందు డెరెల్, ఆసుపత్రి వైద్యులు కొందరు తామే తాగి చూసుకున్నారు; బాలుడు కోలుకున్నాడు. ఆ తర్వాత వ్యాపార సంస్థలు రంగంలోకి దిగి, చర్మవ్యాధుల దగ్గర నుంచి కడుపు జబ్బుల దాకా ఫేజ్ మందులు అమ్మాయి. ఏ సీసాలో బతికున్న ఫేజ్ ఎంత ఉందో సరైన కొలత లేదు, రోగి శరీరంలోని బ్యాక్టీరియాకు ఆ ఫేజ్ తగులుతుందో లేదో చూడలేదు, నిల్వ కోసం కలిపిన రసాయనాలే కొన్ని సీసాల్లో ఫేజ్‌ను చంపేశాయి. 1934లో ఈటన్, బేన్-జోన్స్ అనే ఇద్దరు ఆ సాక్ష్యాలన్నింటినీ కూర్చి పరిశీలించి, వాటిలో చాలావరకు నిలబడవని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో తేల్చారు. ఆ వెనుకే పెన్సిలిన్ వచ్చింది. 1923లో జార్జ్ ఎలియావా జార్జియా రాజధాని టిబిలిసిలో స్థాపించిన సంస్థ వంటి కొద్ది చోట్ల తప్ప ఫేజ్ చికిత్స అటకెక్కింది. ఎలియావా 1937లో స్టాలిన్ పాలనలో మరణశిక్షకు గురైనా ఆ సంస్థ మాత్రం ఆగలేదు.

చికిత్సగా అటకెక్కిన ఫేజ్ పరికరంగా మాత్రం జీవశాస్త్రాన్నే మార్చింది. వంశపారంపర్య సమాచారం ఉండేది డీఎన్ఏలోనే అని 1952లో హెర్షీ, మార్తా చేజ్ నమ్మకంగా చూపించింది టీ2 ఫేజ్‌తోనే. జన్యువులను కత్తిరించే ఎంజైములు, తర్వాత జన్యువులను సవరించడానికి వాడే క్రిస్పర్, ఇవన్నీ ఫేజ్‌ల దాడి నుంచి కాచుకోవడానికి బ్యాక్టీరియా తయారుచేసుకున్న ఆయుధాలే. ఇవి మీ పాఠ్యపుస్తకాల్లో ఉంటాయి కనుక ఇక్కడ ఆగను.

ఆగవలసింది 1943 నాటి లూరియా, డెల్‌బ్రూక్‌ల ప్రయోగం దగ్గర. నా దృష్టిలో ఫేజ్ పరిశోధన, ఆరోగ్య విద్య కలిసేది సరిగ్గా అక్కడే. బ్యాక్టీరియా మీద ఫేజ్‌ను వదిలితే దాదాపు అన్నీ చస్తాయి, ఏ కొద్దో బతికి కాలనీలు కడతాయి. ఆ బతికినవి ఫేజ్ తగిలాక నిరోధకత తెచ్చుకున్నాయా, లేక అంతకుముందే వాటిలో అది పుట్టి ఉందా అన్నది వారి ముందున్న ప్రశ్న. కొద్దికొద్ది బ్యాక్టీరియాతో చాలా గొట్టాలలో విడివిడిగా పెంచి, ఒక్కో గొట్టంలోని వాటిని ఫేజ్ దట్టంగా పట్టించిన ఒక్కో ప్లేటు మీద పరిచారు. ఫేజ్ తగలడం వల్లే నిరోధకత వస్తుంటే అన్ని ప్లేట్లలోనూ కాలనీలు ఇంచుమించు సమానంగా ఉండాలి. యాదృచ్ఛిక ఉత్పరివర్తనల (జన్యువుల్లో దానంతటదే జరిగే మార్పుల) వల్ల ముందే వచ్చి ఉంటే, అది తొందరగా పుట్టిన గొట్టంలో వందలకొద్దీ, ఆలస్యంగా పుట్టిన గొట్టంలో ఒకటీ అరా, అసలు పుట్టనిచోట సున్నా కనిపించాలి. రెండోదే నిజమైంది. ఒక సహోద్యోగి స్లాట్ మెషీన్‌లో నాణేలు వేస్తూ చాలాసార్లు పోగొట్టుకుని ఒక్కసారి గుట్టలుగా గెలవడం చూసినప్పుడు ఈ ఆలోచన తట్టిందని లూరియా తర్వాత చెప్పుకున్నారు.

ఇప్పుడు దీన్ని ఆసుపత్రి వరండాలోకి తీసుకురండి, ఫేజ్ స్థానంలో యాంటీబయాటిక్‌ను ఊహించుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో 12 దేశాల్లో దాదాపు పది వేల మందిని అడిగినప్పుడు 76 శాతం మంది యాంటీబయాటిక్ నిరోధకత అంటే మనిషి శరీరం మందుకు లొంగకపోవడం అనుకున్నారు. 64 శాతం మంది జలుబుకు, ఫ్లూకు యాంటీబయాటిక్‌లు పనిచేస్తాయనుకున్నారు. మొదటి అపోహ చిన్నదిగా కనిపిస్తుంది గాని, దాని ఫలితం పెద్దది. శరీరం అలవాటుపడటమే సమస్య అయితే, ‘నేను మందులు ఎక్కువగా వాడలేదు కాబట్టి నాకేమీ కాదు’ అని ఎవరైనా ధీమాగా ఉండవచ్చు. నిరోధకత తెచ్చుకునేది బ్యాక్టీరియా అయినప్పుడు ఆ ధీమాకు చోటు లేదు, ఎందుకంటే అది ఒకరి దగ్గర పుట్టి మరొకరికి అంటుకుంటుంది. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు ఔషధ నిరోధక బ్యాక్టీరియా నేరుగా కారణమని అంచనా.

ఆరోగ్య కార్యకర్తల శిక్షణ తరగతుల్లో నేను చాలా ఏళ్లు స్లైడ్లు చూపించి విసిగించాను. తర్వాత స్లైడ్లు పక్కనపెట్టి, లూరియా, డెల్‌బ్రూక్‌ల ప్రయోగాన్నే చిన్న స్థాయిలో చేసి పన్నెండు ప్లేట్లు బల్ల మీద వరసగా పేర్చడం మొదలుపెట్టాను. ఒకదానిలో కాలనీలు కిక్కిరిసి, పక్కదానిలో రెండు, మూడోదానిలో ఏమీ లేకుండా ఉన్నవాటిని చూపించి ఎందుకిలా అని అడిగి ఊరుకునేవాడిని. ఒకసారి ఒక నర్సు చాలాసేపు చూసి, ‘‘అయితే మందు వీటిని తయారుచేయలేదండీ, ఏరింది’’ అన్నారు. సహజవరణం గురించి నేను గంటసేపు చెప్పేదాన్ని ఆమె ఒక క్రియాపదంలో చెప్పారు. ఆ రోజు నుంచి నా పాఠంలోనూ అదే మాట.

సబ్బు సంగతి కూడా ఇలాంటిదే. ఎంఎస్2 అనే ఫేజ్‌కు పైన కొవ్వు పొర ఉండదు, ఫై6 అనే ఫేజ్‌కు ఉంటుంది. రెండూ మనిషికి సోకవు. అందుకే నోరోవైరస్ వంటి పొరలేని వైరస్‌లకు ఎంఎస్2ను, కరోనా వంటి పొరగల వైరస్‌లకు ఫై6ను బదులుగా పెట్టి పరిశోధకులు ప్రయోగాలు చేస్తారు. ఒకే ఆల్కహాల్ ద్రవం ఫై6ను ఇట్టే తుడిచిపెట్టి, ఎంఎస్2 దగ్గర తడబడటాన్ని విద్యార్థులు తమ ప్లేట్ల మీద తామే లెక్కపెట్టుకుంటే, వాంతులు విరేచనాల వైరస్ వ్యాపించినప్పుడు శానిటైజర్ చాలదు, సబ్బు నీళ్లతో రుద్ది కడగాలని ఎవరూ వారికి బట్టీ పట్టించనక్కర్లేదు. ప్రమాదకరమైన వైరస్‌ను ముట్టకుండా వైరస్‌ల ప్రవర్తనను చూపించగల సౌలభ్యం సూక్ష్మజీవశాస్త్రంలో మాలాంటి వారికి ఉన్నంతగా మరెవరికీ లేదని నా అభిప్రాయం. పక్షపాతం ఉంటే ఉండవచ్చు.

కష్టమైన భాగం వేరే ఉంది. ఫేజ్ పరిశోధకుడిగా మీ పేరు కాస్త వినబడగానే రోగుల కుటుంబసభ్యులు ఫోన్ చేస్తారు, ఉత్తరాలు రాస్తారు. ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని ఇన్ఫెక్షన్, ఎక్కడో పత్రికలో చదివిన అద్భుతం, ‘మీ దగ్గర ఫేజ్ ఉందట కదా’ అన్న అభ్యర్థన. వారు చదివిన అద్భుతాలు అబద్ధాలు కావు. 2016లో శాన్ డియాగోలో టామ్ ప్యాటర్సన్ అనే ప్రొఫెసర్ అసినెటోబ్యాక్టర్ ఇన్ఫెక్షన్‌తో చావు అంచుకు వెళ్లి, ఫేజ్ చికిత్స తర్వాత కోలుకున్నారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధితో ఊపిరితిత్తుల మార్పిడి జరిగి, మైకోబ్యాక్టీరియా (క్షయ కారకానికి బంధువులైన బ్యాక్టీరియా) సోకిన ఒక పదిహేనేళ్ల బాలికకు లండన్‌లో మూడు ఫేజ్‌ల మిశ్రమం ఇచ్చిన సంగతి 2019లో ప్రచురితమైంది. ఆమె పుండ్లు మానడం మొదలైంది, ఆరోగ్యం మెరుగుపడింది. కాని వాటి పక్కనే చెప్పవలసినవి మరికొన్ని ఉన్నాయి. అదే కోవలో ఇరవై మంది మైకోబ్యాక్టీరియా రోగులకు చేసిన చికిత్స వివరాలు 2022లో వచ్చినప్పుడు, అనుకూల ఫలితం కనిపించింది పదకొండు మందిలో. ఫేజ్ ఇవ్వని రోగుల బృందం ఏదీ పోల్చి చూసుకోవడానికి లేదు.

ఫ్రాన్స్, బెల్జియంలలో జరిగిన ఫేగోబర్న్ అనే ట్రయల్‌ను నేను ప్రతి విద్యార్థి చేతా చదివిస్తాను. కాలిన గాయాలలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్నవారికి పన్నెండు ఫేజ్‌ల మిశ్రమాన్ని, మామూలుగా వాడే సిల్వర్ సల్ఫాడయజిన్ అనే పూతమందుతో పోల్చారు. మిల్లీలీటరుకు పది లక్షల ఫేజ్‌లు ఇవ్వాలన్నది పథకం. తయారయ్యాక నిల్వలో శక్తి తగ్గిపోవడంతో రోగులకు నిజంగా అందినది మిల్లీలీటరుకు పది నుంచి వంద మాత్రమే. సహజంగానే ఫేజ్ వెనకబడింది. 1930లలో సీసాలో ఎంత ఉందో కొలవక చెడింది. ఇక్కడ కొలవబట్టే ఏం జరిగిందో తెలిసింది. ఈ తేడాను ఒక బాధలో ఉన్న కుటుంబానికి, వారి ఆశను చిదిమేయకుండా, ఉన్నదానికంటే పెంచకుండా చెప్పడం నాకు ఏ పరిశోధన పత్రం రాయడం కంటే కూడా కష్టమైంది.

దీనికి తోడు, దొరికిన ప్రతి ఫేజూ మందు కాదు. కొన్ని ఫేజ్‌లు బ్యాక్టీరియాను వెంటనే చంపకుండా దాని జన్యుపదార్థంలో చేరి కూర్చుంటాయి. ప్లేటు మీద వాటి మచ్చ మధ్యలో మసకగా ఉంటుంది. డిఫ్తీరియా బ్యాక్టీరియాకు విషం తయారుచేసే జన్యువును మోసుకొచ్చేది ఇలాంటి ఫేజేనన్న దారి 1951లో ఫ్రీమన్ ప్రయోగంతో తెరుచుకుంది. కలరా విషపు జన్యువు కూడా ఒక ఫేజ్‌లోనే ఉందని 1996లో వాల్డర్, మెకాలనోస్ చూపించారు. కాబట్టి ‘ఫేజ్‌లు మన మిత్రులు’ అని గోడపత్రిక వేయడానికి నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆ నినాదం బాగా అమ్ముడుపోతుందని నాకు తెలుసు.

ఇక నేను ప్రజలకు తప్పుగా చెప్పిన సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ‘తగ్గినట్టనిపించినా యాంటీబయాటిక్ కోర్సు పూర్తిచేయాలి, లేకపోతే నిరోధకత వస్తుంది’ అని ఏళ్ల తరబడి చెప్పాను. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు ఆ వాక్యానికి ఆధారం ఏదని అడిగారు. నిజానికి చాలా సాధారణ ఇన్ఫెక్షన్లలో అవసరానికి మించి మందు వాడితేనే శరీరంలోని ఇతర బ్యాక్టీరియాలో నిరోధకమైనవి ఏరబడే అవకాశం ఎక్కువ. క్షయ వంటి వాటి సంగతి వేరు, అక్కడ పూర్తి కాలం వాడి తీరాలి. అప్పటి నుంచి, ‘డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి, మధ్యలో తగ్గితే ఆపవచ్చేమో డాక్టరునే అడగండి, మిగిలిన మాత్రలు దాచుకోకండి, ఇతరులకు ఇవ్వకండి’ అని చెబుతున్నాను. పాత వాక్యం పొట్టిది, గుర్తుండేది, కొత్తది పొడుగు. పొట్టి వాక్యం కోసం ఆధారంలేని మాట చెప్పలేను. నా క్లోరోఫాం మచ్చను పలచన చేయించిన ప్రశ్నే ఇక్కడా వర్తించింది, కాకపోతే ఇరవై ఏళ్లు ఆలస్యంగా.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు: తప్పుకోవడం కాదు. ప్రయోగశాల వదిలేసి ఆరోగ్య విద్యలోకి వెళ్లినవారూ ఉన్నారు, వారిలో కొందరి మాటల్లో పదేళ్లకే పాత సమాచారం పేరుకుపోవడం చూశాను. రెండూ కలిపి నడిపినవారికి ఒకటి రెండోదాన్ని సరిదిద్దుతూ ఉంటుంది. బోధన పరిశోధనకు ఏమిస్తుందని అనుమానమైతే అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో గ్రాహం హ్యాట్‌ఫుల్ అనే ఫేజ్ పరిశోధకుడు చేసిన పని చూడండి. 2008 నుంచి నడుస్తున్న ఆ కార్యక్రమంలో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులు మట్టి నుంచి ఫేజ్‌లను వేరుచేసి, పేర్లు పెట్టి, జన్యుక్రమాలను విశ్లేషిస్తారు. పైన చెప్పిన లండన్ బాలికకు ఇచ్చిన మూడు ఫేజ్‌లూ అలా విద్యార్థుల వేటతో నిండిన భాండాగారం నుంచి వచ్చినవే. వాటిలో మడ్డీ అనేది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక విద్యార్థిని కుళ్లిన వంకాయ అడుగున పట్టింది. తక్కిన రెండింటిలో బ్యాక్టీరియాలో దాగి కూర్చునే గుణానికి కారణమైన జన్యువును తొలగించి వాడారు.

పదోన్నతులు, నిధుల విషయంలో మాత్రం భ్రమ పెట్టుకోవద్దు. చాలా సంస్థల్లో లెక్కకు వచ్చేవి పరిశోధన పత్రాలే. ప్రజల మధ్య గడిపిన సాయంత్రాలు ఏ గడిలోనూ పట్టవు. స్థిరమైన ఉద్యోగం వచ్చేదాకా మీ సమయంలో ఎక్కువ భాగం ప్లేట్లకే ఇవ్వండి, బోధన కోసం వారానికి ఒక పూట మిగుల్చుకోండి. ‘కొత్త ఫేజ్ దొరికింది’ అనే ఒక్క వాక్యంతో ఇప్పుడు పత్రం నిలబడదు. దాని జన్యుక్రమం చదివి, అందులో బ్యాక్టీరియా జన్యువుల్లో చేరడానికి కావలసిన ఇంటిగ్రేజ్ జన్యువు ఉందా, విషపదార్థాల జన్యువులున్నాయా, నిరోధకత జన్యువులున్నాయా అని చూడటం నేర్చుకోవాలి. కంప్యూటర్ ముందు చేసే ఆ పనిని నేను నలభై అయిదేళ్ల వయసులో నేర్చుకున్నాను. మీరు ఇప్పుడే నేర్చుకుంటే సులువు.

చివరగా మూడో ప్రశ్న. టీ7 అనే ఫేజ్‌తో మొదలుపెట్టండి. హాని చేయని ప్రయోగశాల ఈ.కొలై బ్యాక్టీరియా మీద కొద్ది గంటల్లోనే పెద్ద పెద్ద మచ్చలు ఇస్తుంది కనుక, ఉదయం చేసిన తప్పు సాయంత్రానికే తెలిసిపోతుంది. చేయి కుదిరాక టీ4తో వృద్ధిరేఖ గీయండి. 37 డిగ్రీల దగ్గర సుమారు 25 నిమిషాలకు కణం పగిలి కొత్త ఫేజ్‌లు బయటపడే ఆ మలుపును మీ అంకెల్లో మీరే చూడాలి. మసక మచ్చ ఎలా ఉంటుందో తెలియడానికి లాంబ్డా అనే ఫేజ్ పట్టుకోండి. టీ1 జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. లూరియా ప్రయోగం చేసింది దానితోనే అయినా, ఎండిపోయినా చావని మొండిఘటం అది. ఒకసారి మూత సరిగా పెట్టని సీసా నుంచి బయటపడిందంటే పైపెట్ల మీద, తలుపు పిడుల మీద, గాలిలో తిరిగి, పక్క గదిలో వేరే పని చేసుకుంటున్నవారి ఈ.కొలై ఫ్లాస్కులన్నీ రాత్రికి రాత్రి తేటపడిపోతాయి, మర్నాడు ఉదయం వాళ్లందరూ మీ కోసమే వెతుకుతూ వస్తారు.